నీలం తలుపు బడి

బుడ్డలు ఒలిచేటప్పుడు పాట పాడాలన్నది మా జేజి పెట్టిన కట్టడి. వేరుశనక్కాయల్ని మావైపు బుడ్డలంటారు. విత్తనానికని దాచిన బస్తాలను ఎండాకాలం చివర్లో విప్పి, పదిమంది కూలి ఆడవాళ్ళను పిలిచి, వాకిట్లో పందిరి కింద కూర్చోబెట్టి ఒలిపించేవాళ్ళు. చేత్తోనే ఒలవాలి. గింజ మీది ఎర్రపొర చిట్లితే మొలవదు. మరి పాట ఎందుకంటే, పాడే నోరు నమలదు. జేజి అంటే మా నాయన తల్లి. వాకిట్లోకి తెరిచి ఉండే పడసాలలో స్తంభం పక్కన మంచం వేయించుకుని కళ్ళు మూసుకుని వినేది. పాటలో ఒక్క గొంతు తగ్గితే చాలు, కళ్ళు తెరవకుండానే, "ఎవురే అది, మింగుతాండేది?" అనేది. ఒక్క ముసలామెకు మాత్రం పాట నుంచి మినహాయింపు. ఆమె బుగ్గలో ఎప్పుడూ పొగాకు ఉండేది. నోట్లో పొగాకుంటే బుడ్డలు తినలేరని జేజి లెక్క.

ఆ యేడు యుద్ధం ఇంకా జరుగుతోంది. నేను నంద్యాలలో పిన్నమ్మ ఇంట్లో ఉండి నాలుగో ఫారం, అంటే తొమ్మిదో తరగతి, ముగించి, ఆళ్లగడ్డకు తిరిగొచ్చి ఏడాదయింది. ఇక చాలన్నారు. ఎందుకు చాలని నేను అడగలేదు. నలుగురున్న చోట నోరు విప్పాలంటే నాకు అరచేతులు తడిసిపోయేవి. బళ్ళో జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. చెప్పాలనుకున్నవి ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకునేదాన్ని. కాగితం కరువు రోజులు గనుక పేజీ నిండాక దాన్నే అడ్డంగా తిప్పి అంచుల్లో రాసేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేవి చాలావరకు ఆ అంచుల్లో ఉన్నవే.

నేను బడి మానేసేటప్పుడు మా ఇంగ్లీషు టీచరమ్మ ఒక నవల ఇచ్చింది. దానికి అట్ట లేదు. మొదటి ఎనిమిది పేజీలు చెదలు తిన్నాయి. పేరేమిటో, రాసిందెవరో ఇప్పటికీ నాకు తెలియదు. వందేళ్ళ పైబడినదని మాత్రం చెప్పింది. "ఆ కాలంలో ఆడవాళ్ళు ఏం కోరుకునేవాళ్ళో, వాళ్ళకు ఏం దొరికేదో చూడు. రెండూ ఒకటి కాదు" అన్నది. మధ్యాహ్నాలు ధాన్యం గదిలో, మిద్దె కప్పుకు వెలుతురు కోసం వదిలిన గవాక్షి కింద కూర్చుని చదివాను. ఎండ నేల మీద జరిగిన కొద్దీ నేనూ జరుగుతూ చదివాను. మూడుసార్లు చదివాను.

కథ ఇది. ఒక చర్చి పాదిరి కూతురు. తండ్రికి గౌరవం ఉంది, ఆస్తి లేదు. చెదలు వదిలిన మొదటి పేజీలోనే ఆ పిల్ల తండ్రితో అంటుంది: ఎప్పటికైనా ఒక చిన్న ఊళ్ళో తనదే అయిన బడి పెడతానని, దానికి నీలం తలుపు వేయిస్తానని. తర్వాత తండ్రి చనిపోతాడు. ఆమె ఒక ఉన్ని మిల్లు ఆసామి ఇంట్లో చేరి, ఆయన చిన్న కూతుళ్ళిద్దరికీ చదువు చెబుతుంది. ఆ ఇంట్లో ఆమె తినేది ఇంటివాళ్ళతో కాదు, పనివాళ్ళతోనూ కాదు. మేడ మీద గదిలో ఒంటరిగా తింటుంది. ఆ ఇంటి కొడుకు ఆమె మీద మనసు పడతాడు. తల్లి మండిపడుతుంది. మిగతాదంతా ఆ రగడే. నేను దాన్ని ప్రేమకథ అనుకున్నాను.

ఇక మా వదిన. మా అమ్మకు అన్న కూతురు, నాకంటే మూడేళ్ళు పెద్దది. అవుకు దగ్గర పల్లెలో మామకు కొద్దిపాటి చేను ఉండేది. ఆయనా, అత్తా ఒకే వానాకాలంలో జ్వరాలతో పోయారు. తొమ్మిదేళ్ళ పిల్లను అమ్మ ఎడ్లబండిలో మా ఇంటికి తెచ్చుకుంది. నాయన ఆమెను ఊళ్ళో బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివించాడు. ఆమె తినేది మాతోనే, కాకపోతే అందరి తర్వాత. కట్టేది మా చీరలే, మేము రెండేళ్ళు కట్టాక. చేసేది పనివాళ్ళ పనే, కానీ కూలి లేదు, ఇంటిపిల్ల గదా. ఇవన్నీ ఇప్పుడు రాస్తుంటే కనిపిస్తున్నాయి. అప్పుడు కనిపించలేదు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనేవాళ్ళు కాదు. అమ్మకైతే ఆమె ప్రాణం. బుడ్డలు ఒలిచేటప్పుడు కూలివాళ్ళు పందిరి కింద కూర్చునేవాళ్ళు. జేజీ, అమ్మా పడసాలలో. వదిన ఆ రెంటికీ మధ్య మెట్టు మీద. అక్కడ కూర్చోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నేను ఆ నవల నలుగురిలో చెప్పడం వల్ల వదిన బతుకు ఎటు తిరగాల్సింది ఎటు తిరిగిందో చెప్పడానికే ఇదంతా.

ఒలుపు మొదలైన మూడో రోజుకే కూలివాళ్ళ గొంతులు బొంగురుపోయాయి. పాటలన్నీ అయిపోయి మొదటి పాటే మళ్ళీ వచ్చింది. జేజి విసుక్కుంది. అప్పుడు వదిన మెట్టు మీద నుంచి, "జేజీ, పాప కత సెప్తాది. దొరసానుల కత. రోజూ గదిలో కూసోని అదే పనిగా సదువుతాంది" అన్నది.

"నా వల్ల కాదు వదినా" అని గొణిగాను.

"మా మొగాలు సూడొద్దులే. ఆ స్తంభానికి సెప్పు. మేం పక్కనుంచి ఇంటాం."

నిజంగా అలాగే చేశాను. స్తంభానికి ముఖం పెట్టి మొదలుపెట్టాను. రెండు మాటలు చెప్పగానే చిక్కు వచ్చిపడింది. పెళ్ళీడు పిల్ల ఒంటరిగా పోయి ముక్కూమొగం తెలియని వాళ్ళింట్లో జీతానికి ఉందని చెబితే, జేజి ఆ మాట దగ్గరే కథ ఆపేస్తుంది. పైగా అలాంటి మనిషిని ఎక్కడ చూపించను? మా ఇళ్ళలో ఉండే ఆడది అయితే చుట్టం, లేకపోతే పనిమనిషి. మూడో రకం లేదు. అందుకని అప్పటికప్పుడు మార్చేశాను. మిల్లు ఆసామి భార్యకు ఆ పాదిరి స్వయానా అన్న అన్నాను. తల్లీ తండ్రీ లేని పిల్లను మేనత్త తెచ్చి ఇంట్లో పెట్టుకుందన్నాను. జేజి తృప్తిగా, "అత్త గాబట్టి తెచ్చుకునింది" అన్నది. అందరూ తలలూపారు. నేను ఆ పోలిక ఎక్కడి నుంచి తీశానో నాకే తెలియదు. అది నాకు రెండడుగుల దూరంలో మెట్టు మీద కూర్చుని బుడ్డలు ఒలుస్తోంది.

రెండు రోజులు కథ బాగా నడిచింది. ఎంత బాగా నడిచిందంటే పందిరి కింద చీమ చిటుక్కుమనేది కాదు. మూడో రోజు ఒలిచిన గింజలు కొలిచిన జేజి, "కత మొదలైనప్పట్నుంచి మానికకు తక్కువొస్తాండాయే!" అని కూలివాళ్ళ వైపు చూసింది. ఎవరి దవడలూ కదలలేదు.

ఆ మధ్యాహ్నమే మిల్లు ఆసామి భార్యకు సంగతి తెలిసే ఘట్టం వచ్చింది. ఆమె కొడుకు ముందు ఏడుస్తుంది, ఈ పిల్ల మనకు తగదంటుంది. నేను కూడా గొంతు కొద్దిగా వణికించి చెబుతున్నాను. పొగాకు ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు పాపా. ఆ పిల్ల ఆయమ్మకు ఏమైతాది?"

"అన్న కూతురు."

"అంటే ఆ పిల్లోడికి?"

"మేనమామ కూతురు."

"మరింకేంది కత?" అన్నది ముసలామె. "ఆయప్ప పెండ్లామే గదా అది! వరసైన పిల్లను ఇంట్లోనే పెట్టుకోని ఆయమ్మ ఏడ్సేదేంది? పసుపు దంచుకోక!"

అందరూ విరగబడి నవ్వారు. నేనూ స్తంభం వైపు తిరిగి నవ్వాను. మూడు వందల పేజీల రగడ ఒక్క మాటతో తేలిపోయింది. ఆ నవ్వులోనే ఒకామె, "దుడ్లున్న సంబందం ఏదో వచ్చుంటాదిలే ఆయమ్మకు. అందుకే మేనకోడలు చేదైంది" అన్నది.

నవ్వు ఆగిపోయింది. అది ఎవరు ఆపారో తెలియదు. అందరూ మెట్టు వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తూ అటే చూశారు. అనంతపురంలో కాలేజీలో చదువుతున్న మా అన్నకు పాణ్యం వైపు పెద్ద ఇంటి నుంచి సంబంధం మాట్లాడుతున్న సంగతి ఊరందరికీ తెలుసు. వదిన పుట్టినప్పుడు, ఈ పిల్ల నా కోడలని అమ్మ అన్న మాట కూడా ఊరందరికీ తెలుసు. అమ్మ చాటలో గింజలు అట్లే వదిలేసి లోపలికి పోయింది. వదిన చేతిలోని కాయ వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"పాడండే!" అని జేజి అరిచింది. పాడారు. ఒక్కరి గొంతూ ఒకరితో కలవలేదు.

వంటింట్లో అమ్మ నన్ను నిలదీసింది. "ఆ కత సెప్పమన్నది ఎవురు? మీ వదినేనా?"

అవును, మొదట చెప్పమన్నది వదినే. కానీ చుట్టరికం కలిపింది నేను. ఆ రెండో మాట చెప్పాలి. నోరు పెగల్లేదు. నా మౌనాన్ని అమ్మ అవునన్నట్టే తీసుకుంది. పొయ్యిలో కట్టె ముందుకు తోస్తూ, "అడిగేదుంటే నన్నే అడగొచ్చు గదా" అన్నది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నాకు ఇంకా గుర్తుంది.

మర్నాటికల్లా ప్యాపిలి నుంచి ఒక సంబంధం కదిలింది. భార్య పోయినాయన, ఇద్దరు పిల్లలు, మంచి సేద్యం. బేస్తవారం చూసుకోను వస్తారని జేజి ప్రకటించింది. పిల్ల మనసు పెరగకముందే దాన్నొక ఇంటిదాన్ని చేయాలని ఆమె ఉద్దేశం. చెడు ఉద్దేశమని నేను అనను. జేజి కూడా పదమూడో ఏట భార్య పోయినాయన ఇంటికే వచ్చింది.

వదిన మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తుంటే పోయి పక్కన కూర్చున్నాను.

"నా వల్లనే గదా వదినా."

"నీ వల్ల కాదులే. మీయమ్మ మనసులో ఉండేది నీ నోట్లోంచి వచ్చింది." కొంచెంసేపు మిరపకాయలు కదిలించి, "ఒగటి మాత్రం రాసి పెట్టుకో, నీ బుక్కులో. నాకు మీయన్న వద్దు. సిన్నప్పుడు నా జడకు తొండను కట్టినోడు. వాని మీద ఆశ పెట్టుకోని ఈడ కూసున్నానని అందురూ అనుకుంటాండారు సూడు, అదే నాకు మంట" అన్నది.

"మరి ఏం కావాల నీకు?"

రవికలో నుంచి మడతలు పెట్టిన కాగితం తీసింది. చెమటకు అంచులు మెత్తబడ్డాయి. నంద్యాలలో ఆడవాళ్ళ ట్రైనింగు బడి ఫారం. అంతకు ముందటేడు నన్ను తీసుకుపోవడానికి అమ్మతో వచ్చినప్పుడు, తెల్ల చీరలు కట్టుకుని ఇద్దరిద్దరుగా నడిచిపోతున్న పిల్లలను చూసి, వాళ్ళెవరని మా టీచరమ్మను అడిగిందట. పంతులమ్మలు కావడానికి చదివేవాళ్ళని, ఎనిమిది పాసైతే చాలని, తిండీ బసా అక్కడే ఉంటాయని ఆమె చెప్పిందట. తర్వాత ఈ ఫారం పంపింది. వదిన అన్ని గళ్ళూ నింపింది. ఒక్కటే ఖాళీ: పెంచినవాళ్ళ సంతకం. జూన్ మొదటి వారంలోగా చేరాలి. ఇంకా పది రోజులు లేవు.

"మామను ఎట్ల అడిగేది?" అన్నది వదిన. "ఇంట్లో నీకేం తక్కువైంది అంటాడు. ఏమీ తక్కువ కాలేదు. అదే గదా కష్టం. తక్కువైంటే ఎప్పుడో అడిగిందును." నా వైపు చూసింది. "నువ్వడుగుతావా?"

నేను మిరపకాయల వైపు చూశాను.

"వద్దులే" అన్నది నవ్వి. "కతన్నా సరిగ్గా సెప్పు. ఆ పిల్ల నిజంగానే సుట్టమా? పుస్తకంలో అట్లే ఉందా?"

"లేదు. నేను కలిపినాను."

"మరి ఆడికి ఎందుకు పోయింది?"

"జీతానికి. పిల్లలకు చదువు చెప్పడానికి."

"జీతమా!" వదిన చేతులు ఆగిపోయాయి. "సదువు సెప్పినందుకు? ఆడపిల్లకు? చేతికిస్తారా?" మూడుసార్లు చెప్పించుకుంది. "అయితే రేపు అట్లనే సెప్పు. అందురూ ఇనేట్టు."

మర్నాడు స్తంభానికి చెప్పాను: "నేను తప్పు చెప్పినాను. ఆ పిల్ల వాళ్ళకేమీ కాదు. జీతానికి చేరింది."

జేజి మంచం మీద లేచి కూర్చుంది. "ఏందీ! పూజారి ఇంటి పిల్ల జీతానికి పాయనా? పరాయోళ్ళింట్లో? థూ, ఏం దేశమే అది! వాళ్ళకు సుట్టాల్లేరా?"

"ఉండారేమో, పెట్టరేమో" అన్నది పందిరి కింద నుంచి ఒకామె.

"అయితే ఆయమ్మ ఏడ్సేది సరిపాయలే. జీతగత్తెను కోడలుగా ఎట్ల సేసుకుంటాది?" అన్నది జేజి. అంతకుముందు మేనకోడలి పక్షాన నవ్వినవాళ్ళు కొందరు ఇప్పుడు ఆయమ్మ పక్షానికి తిరిగారు. అప్పుడు నాకు ఆ నవల మొదటిసారిగా పూర్తిగా అర్థమైనట్టు అనిపించింది. ఆ పిల్ల మారలేదు, చదువు మారలేదు. చుట్టరికం తీసేసేసరికి మనిషి విలువ అంత దిగిపోయింది.

పొగాకు ముసలామె తుపుక్కున పక్కకు ఉమ్మి వచ్చింది. "అహోబిలం సామి చెంచిత కోసరం అడివంతా తిరగలేదా అమ్మా? ఆయప్పను ఎవురన్నా అడిగిరా?"

"సామి సంగతి వేరేలే."

"కలిగినోళ్ళ సంగతి ఎప్పుడూ వేరేనే గదా." మళ్ళీ కాయలు చేతికి తీసుకుని, తనలో తాను అన్నట్టుగా, "జీతమైతే మేలు. బాగలేకుంటే కొంగు దులుపుకోని పోవచ్చు. సుట్టమైతే యాడికి పోతాది?" అన్నది.

అమ్మ తల ఎత్తి వదిన వైపు చూడడం నాకు కనిపించింది.

బుధవారం నాడు కథ ముగింపుకు వచ్చింది. బేస్తవారానికి ప్యాపిలివాళ్ళకని వంటింట్లో అప్పటికే అరిసెల పిండి దంచి పెట్టారు. పడసాల పక్కన మగవాళ్ళు కూర్చునే మొగసాలలో నాయన తడి తువ్వాలు ముఖాన వేసుకుని పడుకున్నాడు. కథ మొదలైన నాటి నుంచీ ఆయన ఆ వేళకు అక్కడే పడుకుంటున్నాడని నేను గమనించలేదు. చివరికి మిల్లు ఆసామి కొడుకు తల్లిని ఎదిరిస్తాడు, తల్లికి జబ్బు చేస్తుంది, ఆ పిల్లే సేవ చేస్తుంది, తల్లి మనసు కరుగుతుంది, గుడిలో పెళ్ళవుతుంది. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. జేజి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పోనీలే, పిల్ల గట్టెక్కింది" అన్నారు పందిరి కింద.

"బడి ఏమాయ?" అన్నది వదిన.

నేను స్తంభం మీద నుంచి తల తిప్పాను.

"నీలం తలుపు బడి. మొదుట్లో వాళ్ళ నాయనతో సెప్పింది గదా, పెడతానని. ఏమాయ?"

నేను పుస్తకం తెరిచాను. వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కు తిప్పాను. మూడుసార్లు చదివినదాన్ని, నాకే తట్టలేదు. తొమ్మిదో పేజీలో ఒక్కచోట ఉంది ఆ తలుపు. ఆ తర్వాత ఎక్కడా లేదు. "లేదు వదినా. మళ్ళీ రాయలేదు."

"మర్సిపోయిరా రాసినోళ్ళు?"

"పెండ్లయినాక బడెందుకే?" అన్నది జేజి.

"పెండ్లి ఆ పిల్ల అడగలేదు జేజీ. అడిగింది బడి."

మొగసాలలో మంచం కిర్రుమంది. నాయన గొంతు వచ్చింది. "మర్సిపోయింటారులే పాపా. మూడు నూర్ల పేజీలు రాసేటప్పుడు ఒగటి మర్సిపోతారు."

వదిన ఒళ్ళోని పొట్టు దులిపి లేచింది. మెట్టు దాటి, పడసాల దాటి, మొగసాల గడప దగ్గర నిలబడింది. అక్కడికి ఆడవాళ్ళం పగటిపూట పోము. రవికలోని కాగితం తీసి విప్పింది.

"మామా, నేను మర్సిపోలేదు."

నాయన లేచి కూర్చుని కాగితం తీసుకున్నాడు. మెల్లగా చదివాడు. చదివి, ఆయన అడుగుతాడని వదిన భయపడిన మాటే అడిగాడు. "ఈడ నీకేం తక్కువైందమ్మా?"

వదిన నా వైపు తిరిగింది. నేను మాట్లాడాలి. నా చేతిలో ఆ అట్టలేని పుస్తకం ఉంది. స్తంభం వైపు తిరిగి, దానికే చెప్పాను: "తక్కువ కాలేదు నాయనా. ఆమెకు కూలి లేదు. అందుకని పోవడానికి కూడా లేదు." ఆ వాకిట్లో కథ కాని మాట నేను మాట్లాడడం అదే మొదలు. అక్కడితో ఆగకుండా, "కతలో చుట్టరికం కలిపింది నేనే. వదిన కలపమనలేదు" అని కూడా అనేశాను.

అమ్మ నా వైపు ఒకసారి చూసి, లేచి పోయి గూట్లో నుంచి సిరా బుడ్డీ, కలమూ తెచ్చింది. తెచ్చి నాయన మంచం మీద పెట్టింది.

"మాయన్నకు ఒగ మాట ఇచ్చి తప్పినాను. కోడలు సేసుకోలేకపోతి. పిల్లకు ఒగ దారి సూపిస్తానన్న రెండో మాట నాతో తప్పించొద్దు. పెట్టు."

నాయన పెట్టాడు. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నది అమ్మే.

జేజి ఆ పూట అన్నం తినలేదు. పొద్దు గుంకే వేళకు ఒక ఒప్పందానికి వచ్చింది. పోతే పోనీ, కానీ జీతాల చదువుకు పోయిందని ఎవరూ ఊళ్ళో అనకూడదు. నంద్యాలలో పిన్నమ్మకు పురుడు దగ్గరికొచ్చింది, సాయానికి పోయిందని చెప్పాలి. నాకు నవ్వొచ్చింది. స్తంభం ముందు నేను చేసిన పనే జేజీ చేస్తోంది. మర్నాడు ప్యాపిలివాళ్ళు వస్తే అదే చెప్పింది. పిల్ల అప్పటికే వెళ్ళిపోయిందనింది. వచ్చినాయన మెతకమనిషి, ఎక్కువ మాట్లాడలేదు, అరిసెలు మెచ్చుకున్నాడు. చిన్న కూతురిని వెంట తెచ్చాడు. ఆ పిల్ల అమ్మ ఒళ్ళోనే నిద్రపోయింది. అంతసేపూ వదిన ధాన్యం గదిలో గవాక్షి కింద కూర్చుని, నా నవల తొమ్మిదో పేజీని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటోంది.

జూన్‌లో నాయనే ఆమెను బస్సు ఎక్కించాడు. పెట్రోలు లేని రోజులు. వెనక బొగ్గుల కుంపటి కట్టుకుని నడిచే బస్సు అది. దాన్ని రాజేయడానికే అరగంట పట్టింది. ఆ అరగంటా జేజి అక్కడికొచ్చిన ప్రతివాళ్ళకూ పురుడు సంగతి చెప్పింది. పొగాకు ముసలామె కూడా వచ్చింది. బస్సు కదిలేముందు వదిన కిటికీలో నుంచి తల బయట పెట్టి, "అవ్వా, ట్రైనింగుకు పోతాండా!" అని అరిచింది. ఊరంతా విన్నది. జేజి వినలేదన్నట్టు ఆకాశం వైపు చూసింది. ఆ ఏడు విత్తనాలు చేనికి చాలకపోతే మాత్రం, విత్తే రోజు దాకా నన్నే తిట్టింది. పాటలు మాన్పించి కథ చెప్పింది నేనేనట.

అన్న పెళ్ళి పాణ్యంవాళ్ళతోనే జరిగింది. వదిన తెల్లచీరలో వచ్చింది. భోజనాల దగ్గర ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచలేదు. చుట్టాల బంతిలోనా, వడ్డించేవాళ్ళతోనా అని అమ్మ తటపటాయిస్తుంటే, తనే విస్తరి ముందు కూర్చుని, "అత్తా, ముందు నాకు పెట్టు, బస్సు పోతాది" అన్నది. అమ్మ నవ్వుతూ పెట్టింది.

ఇప్పుడు ఆమె అవుకు పక్కన పల్లెలో పంతులమ్మ. మొదటి ఉత్తరంలో, "బడికి నీలం తలుపు కాదు, తలుపే లేదు. చావిడిలో నడుపుతున్నాం. మేకలు వస్తాయి" అని రాసింది. ఆమెకు కావలసినదంతా దొరికిందని చెప్పలేను. ఒంటరిగా ఉంటుంది, ఊరు నానా మాటలూ అంటుంది. కానీ సెలవలకు మా ఇంటికి వచ్చినప్పుడు, చుట్టంగా వస్తుంది. అంటే, వచ్చి పోతుంది.

ఆ నవలను నేను ఈమధ్య నాలుగోసారి చదివాను. వదిన అడగని ప్రశ్న ఒకటి దానిలో ఉంది. మిల్లు ఆసామి కూతుళ్ళిద్దరి సంగతి. ఆ పిల్ల చదువు చెప్పింది వాళ్ళకే. మొదటి సగంలో వాళ్ళు పాఠాలు అప్పజెప్పుతారు, పియానో వాయిస్తారు. పెళ్ళినాడు పూలు చల్లుతారు. ఆ తర్వాత ఏమయ్యారో లేదు. తిండికి లోటు లేని ఇంటి ఆడపిల్లలు గనుక వాళ్ళకేమైనా కావాలని రాసినవాళ్ళకు తోచి ఉండదు. మా ఇంట్లోనూ ఎవరికీ తోచలేదు. వదినకు సంతకం పెట్టిన నాయన, అదే కలం పక్కన నిలబడి ఉన్న నన్ను ఏమీ అడగలేదు. నేనూ ఏమీ అనలేదు.

పోయిన వారం వదిన ఉత్తరం చివర ఒక వాక్యం రాసింది. నాలుగో ఫారం దాకా చదివినవాళ్ళకు ట్రైనింగులో ముందుగా చోటిస్తున్నారట. ఫారం పంపమంటావా అని అడిగింది.

పంపమని రాశాను. రాసి నోటుబుక్కులో పెట్టుకోలేదు. పొద్దున తపాలా మనిషి వచ్చినప్పుడు మొగసాలలో నాయనా, ఇంకా నలుగురూ కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య నుంచే నడిచిపోయి ఇచ్చాను. "ఎవురికమ్మా?" అని నాయన అడిగాడు. అక్కడ స్తంభం లేదు. ఆయన ముఖం చూసే చెప్పాను.